కనిపెట్టుట: రెండవ రాకడ నిరీక్షణలో ప్రార్థన, వినయం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

‘కనిపెట్టు’ అనే క్రియకు నేటి తెలుగు వాడుకలో ప్రధానార్థం తెలియనిదాన్ని తెలుసుకోవడం, లేదా కొత్తదాన్ని ఆవిష్కరించడం. దొంగను కనిపెడతారు, మందును కనిపెడతారు. తెలుగు బైబిలు చదివేవారికి ఈ మాటకు మరొక అర్థం సుపరిచితం. అక్కడ భక్తుడు దేవుని కొరకు కనిపెడతాడు. అంటే చూపు మరల్చక ఎదురుచూస్తాడు. కీర్తనల గ్రంథంలో తెల్లవారుజాము కోసం కాచుకొన్న కావలివాడు ఈ ఎదురుచూపుకు ఉపమానం. ఈ రెండర్థాల నడుమ మూడవది ఇంటి మాటల్లో నిలిచి ఉంది. పసిబిడ్డను, ముసలివారిని, కళ్లంలోని ధాన్యాన్ని ‘కనిపెట్టుకొని’ ఉండమంటారు. ఇక్కడ చూపులో సంరక్షణ కూడా కలిసి ఉంది.

క్రీస్తు రెండవ రాకడను గురించిన నిరీక్షణ చరిత్రను ఈ మూడర్థాల వెలుగులో చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దినమేదో లెక్కకట్టి కనిపెట్టాలన్న ప్రయత్నం ఒక దారి. ప్రార్థనతో, వినయంతో, తోటివారి బాధ్యతను వహిస్తూ కనిపెట్టుకొని ఉండటం మరొక దారి. ఈ రెండు దారులూ ఒకే గ్రంథాన్ని ఆధారం చేసుకున్నాయి; కొన్నిసార్లు ఒకే మనిషి హృదయంలోనూ కలిసి నడిచాయి. చారిత్రకంగా ఏది నిలిచింది, ఎందుకు నిలిచింది అన్నది ఇక్కడి పరిశీలనాంశం. ఇందుకు సువార్తల ఉపమానాలు, 1844 నాటి అమెరికా ఉద్యమం, తెలుగునాట ఒంగోలు, రాజమహేంద్రవరాల అనుభవాలు ఆధారం.

‘రాకడ’ అనే మాట

గ్రీకు మూలంలో క్రీస్తు పునరాగమనానికి వాడిన ప్రధాన పదం ‘పరూసియా’. ఆనాటి గ్రీకు లోకంలో రాజు ఒక నగరానికి విచ్చేయడాన్ని కూడా ఈ మాటతోనే చెప్పేవారు. నేడు వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో దీనికి ‘రాకడ’ అన్న దేశ్యపదం స్థిరపడింది. ‘ఆగమనం’ వంటి సంస్కృత సమం అందుబాటులో ఉన్నా ఈ మాట నిలవడం గమనార్హం. ఇది ఒక్కరోజులో జరిగినది కాదు. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ చేసిన అనువాదం అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు ఆనందరాయర్ సహాయంతో అనువాదానికి పూనుకొన్నారు. శ్రీరాంపూరులోనూ సమాంతరంగా కృషి సాగింది. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వెలువడింది. ఆ తరువాత కూడా సవరణలు జరిగాయి.

తెలుగువారి నాలుకపై ‘రాకడ’ ఒంటరి పదం కాదు. ‘పోకడ’ దానికి జంట. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్న సామెత ఊరూరా ఉంది. అంటే రాకడ అనగానే, అది రావడం ఖాయం, ఎప్పుడన్నది మనుషుల చేతిలో లేదు అన్న భావం తెలుగు శ్రోతకు ముందే తోస్తుంది. యాకోబు పత్రిక ప్రభువు రాకడకు ఇచ్చిన పోలిక కూడా వానకు సంబంధించినదే. తొలకరి వానకూ, కడవరి వానకూ రైతు ఓపికతో కాచుకొన్నట్లు విశ్వాసి కాచుకోవాలని ఆ పత్రిక బోధిస్తుంది. మెట్టభూములు సాగుచేసే ప్రాంతంలో ఈ పోలికకు వ్యాఖ్యానం అక్కరలేదు. వాన ఏ రోజున వస్తుందో రైతుకు తెలియదు. తెలియదని దున్నడం మానడు. దుక్కి సిద్ధంగా లేకపోతే వాన వచ్చినా ఫలం లేదు.

రాబోయేవాని కోసం ఎదురుచూడటం తెలుగునేలకు క్రైస్తవంతో కొత్తగా వచ్చినది కాదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సంప్రదాయంలో వీరభోగ వసంతరాయల రాక ప్రధాన విశ్వాసం. దాన్ని చెప్పే వాఙ్మయానికి ‘కాలజ్ఞానం’ అని పేరు. అందులో రాకకు ముందు కనిపించే సూచనలకు విస్తారమైన స్థానం ఉంది. అయితే దాన్ని కేవలం జోస్యంగా చూడటం సరికాదు. కులభేదాన్ని నిరసించే బోధ ఆ సంప్రదాయంలో విడదీయరాని భాగం. సువార్తల్లోనూ సూచనల ప్రస్తావన ఉంది. యుద్ధాలు, కరవులు, భూకంపాలు అక్కడ వినిపిస్తాయి. కాని ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని, కుమారునికి కూడా తెలియవని మార్కు సువార్త స్పష్టం చేస్తుంది. కాలజ్ఞానం లేనిచోట మిగిలేది సిద్ధపాటు. సువార్తల ఉపమానాలు సూచనల వర్ణన వెంటనే ఈ సిద్ధపాటు వైపు మళ్లడానికి కారణం ఇదే.

దివిటీ, సిద్దె, సుంకరి

మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల ఉపమానం సిద్ధపాటుకు ప్రసిద్ధ నిదర్శనం. పెండ్లికుమారుడు ఆలస్యం చేయగా బుద్ధిమంతులూ, బుద్ధిహీనులూ పదిమందీ కునికి నిద్రించారు. ఈ వివరం తరచు పాఠకుల దృష్టిని దాటిపోతుంది. వారి మధ్య భేదం నిద్రపోకపోవడంలో లేదు; సిద్దెల్లో నూనె ఉండటంలో ఉంది. తెలుగు అనువాదం ఎన్నుకొన్న ‘సిద్దె’ నూనెనూ నేతినీ నిలవచేసే తోలుపాత్ర. దివిటీ అందరి కళ్లకూ కనబడుతుంది, సిద్దె కనబడదు. పిలుపు వినబడిన తరువాత అప్పు అడిగితే దొరకని సరకు అందులో ఉంది. ప్రార్థనాజీవితానికి ఈ పాత్ర సంకేతమని వ్యాఖ్యానించే సంప్రదాయం దీర్ఘమైనది. రహస్యంగా, అనుదినం, కొంచెం కొంచెంగా నిండేది అవసరమైన రాత్రికి వెలుగవుతుంది.

దీనికి ముందున్న ఉపమానంలో నమ్మకమైన దాసుడు యజమాని వచ్చే దారి చూస్తూ వాకిట నిలబడలేదు. వేళకు ఇంటివారికి అన్నం పెడుతూ ఉన్నాడు. దుష్టుడైన దాసుడు యజమాని ఆలస్యాన్ని ఆసరా చేసుకొని తోటిదాసులను కొట్టాడు. కనిపెట్టుకొని ఉండటం అన్న తెలుగు నుడికారంలోని సంరక్షణార్థం ఇక్కడ సరిగ్గా అమరుతుంది.

లూకా సువార్త కూర్పు మరింత నిశితమైనది. 17వ అధ్యాయంలో పరిసయ్యులు దేవుని రాజ్యం ఎప్పుడు వస్తుందని అడుగుతారు. ‘ఎప్పుడు’ అన్న ఆ ప్రశ్నకు తేదీ రూపంలో సమాధానం రాదు. నోవహు దినాలు, లోతు దినాలు తలపుకు తెచ్చి, జనం తినుచు త్రాగుచు ఉండగానే అది జరుగుతుందని చెప్పిన పిమ్మట కథనం ఒక విధవరాలి వైపు తిరుగుతుంది. న్యాయం కోసం ఆమె అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విసుగు లేకుండా అడుగుతూనే ఉంటుంది. ఆ ఉపమానం ముగింపులో మనుష్యకుమారుడు వచ్చినప్పుడు భూమిమీద విశ్వాసం కనబడుతుందా అన్న ప్రశ్న ఉంది. ఆ వెంటనే దేవాలయంలో ప్రార్థించే ఇద్దరు మనుషులు వస్తారు. పరిసయ్యుడు తన సుకృతాల పట్టీ చదువుతాడు. సుంకరి దూరంగా నిలిచి, కన్నులెత్తక, కరుణను మాత్రమే కోరుతాడు. తరువాత చిన్నబిడ్డల ప్రస్తావన. ఈ క్రమాన్ని కలిపి చదివితే ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు లూకా ఇచ్చిన జవాబు తేటపడుతుంది. రాకడకు సిద్ధపాటు విధవరాలి ప్రార్థన, సుంకరి వినయం, బిడ్డల విశ్వాసం.

‘సుంకరి’ అన్న అనువాదం కూడా ఆలోచించదగినది. సుంకం తెలుగుదేశపు శాసనాల్లో చిరకాలంగా ఉన్న మాట. సముద్ర వర్తకులకు అభయమిచ్చి సుంకాలను నిర్ణయించిన గణపతిదేవుని మోటుపల్లి శాసనం 13వ శతాబ్దానిది. దారి కాచి పన్ను పట్టేవానిపై జనానికి ఉండే ఏవగింపు ఈ పదంతో పాటే వస్తుంది. అటువంటివాడు నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లాడన్న మాటలోని ఆశ్చర్యం తెలుగులో చెక్కుచెదరలేదు.

తొలి సంఘంలో ఒక సమస్య

రాకడ సమీపమన్న నమ్మకం తొలి తరంలోనే ఒక సమస్యను తెచ్చింది. క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీకలోని విశ్వాసులకు రాసిన మొదటి పత్రిక, రాకడకు ముందే మరణించినవారిని గురించిన వారి దుఃఖాన్ని ఓదారుస్తుంది. ప్రభువు దినం రాత్రివేళ దొంగ వచ్చినట్లు వస్తుందని చెప్పి, మెలకువతోనూ మత్తు లేకుండానూ ఉండుమంటుంది, ఎడతెగక ప్రార్థించుమంటుంది. రెండవ పత్రికలో పరిస్థితి మరికొంత తీవ్రమైంది. ఆ దినం వచ్చేసిందన్న వదంతి కలవరం రేపింది. పని మానుకొని పరులమీద ఆధారపడి తిరుగుతున్నవారూ సంఘంలో ఉన్నారు. నెమ్మదిగా పనిచేసుకొంటూ సొంత ఆహారం తినుమన్న ఉపదేశం ఈ సందర్భంలోనిది. నిరీక్షణ శ్రమను రద్దు చేయదన్న సూత్రం ఇక్కడే స్థిరపడింది.

1844: లెక్కలో చిక్కిన భక్తి

దినాన్ని కనిపెట్టాలన్న ప్రయత్నాల్లో అత్యంత ప్రసిద్ధమైనది విలియం మిల్లర్ (1782–1849) ఉద్యమం. న్యూయార్క్ రాష్ట్రంలోని లో హాంప్టన్‌లో ఆయన రైతు. బాప్టిస్టు సంఘ సభ్యుడు. దానియేలు గ్రంథంలోని 2300 దినాలను సంవత్సరాలుగా భావించి, క్రీ.పూ. 457 నుంచి లెక్కించి, క్రీస్తు రాకడ 1843 ప్రాంతంలో జరుగుతుందని ఆయన తేల్చారు. 1831లో బహిరంగ బోధ ఆరంభించారు. 1840లో బోస్టన్‌లో జాషువా హైమ్స్ ప్రారంభించిన పత్రికతో ఈ బోధ విస్తృతంగా ప్రచారమైంది. 1844 మార్చి 21తో మిల్లర్ చెప్పిన గడువు ముగిసింది. ఆ ఏడాది ఆగస్టులో న్యూహాంప్‌షైర్‌లోని ఎక్సిటర్ శిబిరంలో శామ్యూల్ స్నో అక్టోబర్ 22ను ఖాయపు దినంగా ప్రతిపాదించారు. మిల్లర్ ఈ తేదీని అక్టోబర్ మొదటివారం దాకా అంగీకరించలేదు.

ఈ ఉద్యమాన్ని లోకం అపహాస్యంతోనే గుర్తుంచుకొంది. తెల్లని వస్త్రాలు ధరించి కొండలెక్కారన్న ప్రచారం అందులో భాగం. ఈ కథకు ఆధారాలు లేవని ఫ్రాన్సిస్ నికల్ 1944లో ప్రచురించిన గ్రంథంలో సవిస్తరంగా వాదించారు. ఆ చివరి వారాల్లో అనుచరులు చేసిన పనులు మరొక చిత్రాన్ని చూపుతాయి. చాలామంది అప్పులు తీర్చారు, పొరుగువారి వద్దకు వెళ్లి తప్పులు ఒప్పుకొన్నారు, ప్రార్థనలో రాత్రులు గడిపారు. ఇవి సుంకరి మార్గపు పనులే. కాని వాటి పక్కనే, కొందరు పొలాల్లో పంటను కోయకుండా వదిలారు, దుకాణాలు మూశారు. థెస్సలొనీక సమస్య కొత్త రూపంలో తిరిగివచ్చింది.

అక్టోబర్ 22 గడిచింది. ఆ రాత్రి వేచినవారి దుఃఖం ‘మహా ఆశాభంగం’ అన్న పేరుతో చరిత్రకెక్కింది. కొందరు విశ్వాసాన్నే విడిచారు. కొందరు ఆ తేదీకి వేరే అర్థం చెప్పుకొన్నారు. ఆ శాఖల్లో ఒకటి 1863లో సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘంగా రూపొందింది. మిల్లర్ తన కాలగణన పొరపాటును ఒప్పుకొన్నారు. రాకడ మీది నిరీక్షణను మాత్రం మరణం వరకూ వదలలేదు. తేదీ పోయింది, నిరీక్షణ మిగిలింది. ఈ చారిత్రక అనుభవం చెప్పే సంగతి ఒకటే. అప్పు తీర్చడం, క్షమాపణ అడగడం, మోకరించడం ఆ తేదీ తప్పినందువల్ల వ్యర్థం కాలేదు. పంటను వదిలివేయడానికి మాత్రం ఆ తేదీ తప్ప మరో సమర్థన లేదు. ప్రార్థన కూడా గడువుకు కట్టుబడినప్పుడు, గడువుతోపాటు కూలిపోయే ప్రమాదంలో పడుతుంది.

ఒంగోలు కొండ: గడువు లేని ప్రార్థన

మిల్లర్ సభ్యుడైన బాప్టిస్టు శాఖకు చెందిన అమెరికా మిషనే ఆ సంవత్సరాల్లో నెల్లూరులో పనిచేస్తూ ఉంది. శామ్యూల్ డే 1840లో అక్కడ స్థిరపడ్డారు. ఫలితాలు అతి స్వల్పం కావడంతో ఈ మిషన్‌ను మూసివేయాలన్న చర్చ అమెరికాలో జరిగింది. 1853లో అటువంటి చర్చ సందర్భంగానే ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు దీనికి వచ్చింది. ఆ నేపథ్యంలో 1854 జనవరి 1 వేకువన లైమన్ జూయెట్, ఆయన భార్య, జూలియా మొదలైన కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై ప్రార్థించారు. ఆ ప్రాంతానికి ఒక బోధకుని పంపమని వారి వేడుకోలు. ఆ ప్రార్థన రెండవ రాకడను గురించినది కాదు. అయినా తెలుగు క్రైస్తవ స్మృతిలో కనిపెట్టుట అంటే ఎట్టిదో చూపే ఘట్టంగా అది నిలిచింది. వారు దేవునికి గడువు పెట్టలేదు. జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో, అంటే 12 ఏళ్ల తరువాత. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

1876–78 కరవు ఈ సంఘానికి పరీక్ష అయింది. కూలీలకు పని కల్పించేందుకు క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొన్నారు. కూలీలు పనిచేసే చోటనే బోధ కూడా సాగింది. అయితే అన్నం కోసం మతంలో చేరుతున్నారన్న అనుమానానికి తావివ్వరాదని కరవు రోజుల్లో బాప్తిస్మాలను నిలిపివేశారు. సహాయం ఆగిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెలుంపల్లి వద్ద, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరిలో అత్యధికులు మాదిగ కుటుంబాలవారు. కరవులు, తెగుళ్లు అంత్యకాలపు సూచనలని చదివే గ్రంథం చేతిలో ఉన్నప్పుడు, ఆ కరవును యుగాంతపు లెక్కకు వాడుకోవడం కష్టమైన పని కాదు. ఒంగోలు అనుభవంలో కరవుకు ఎదురైన సమాధానం కాలువ పని, గంజి, ప్రార్థన. నమ్మకమైన దాసుడు వేళకు అన్నం పెట్టిన ఉపమానానికి ఇది దగ్గరి రూపం.

సిద్దె అన్న మాట ఈ సంఘంలో ఎట్లా వినిపించి ఉంటుందో ఇక్కడ ఊహించవచ్చు. తోలుపని చేసే కుటుంబాలకు అది గ్రంథంలోని వింత వస్తువు కాదు, చేతిపనికి సంబంధించిన వస్తువు. ఊరిబయట నిలవవలసి వచ్చిన మనుషులకు, దేవాలయంలో దూరంగా నిలిచిన సుంకరి కథ కూడా పరాయిది కాదు. అయితే వినయానికీ, అణచివేతకూ ఉన్న భేదం ఈ చోట మరువరానిది. సంఘం విధించిన తలవంపు వినయం కాదు. ఉపమానంలో తల వంచినవాడు దేవుని ఎదుట వంచాడు, పరిసయ్యుని ఎదుట కాదు. ఇంటికి గౌరవంతో తిరిగివెళ్లినవాడూ అతడే.

కీర్తన, సన్నిధి

ఈ వినయస్వరానికి తెలుగులో సాహిత్యరూపమిచ్చినవారిలో పురుషోత్తమ చౌధరి (1803–1890) అగ్రగణ్యులు. ఆయన రచనల్లో భక్తికవుల దైన్యభావం, ఆత్మనివేదన క్రైస్తవ వస్తువుతో కలిసిపోయాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో పాటలపై రాగతాళాల నిర్దేశం ఉండటం ఈ సంప్రదాయ బంధానికి గుర్తు. అక్షరం రానివారు సైతం కీర్తనను కంఠస్థం చేసి రాత్రి ప్రార్థనల్లో పాడగలిగారు. నిరీక్షణ సిద్ధాంతం ప్రసంగం ద్వారా చెవికి చేరితే, కీర్తన ద్వారా నాలుకకు చేరింది.

20వ శతాబ్దంలో ఈ ధార మరొక మలుపు తిరిగింది. లూథరన్ సంఘ నేపథ్యం గల ముంగమూరి దేవదాసు 1938లో రాజమహేంద్రవరంలో బైబిలు మిషనును ప్రకటించారు. రెండవ రాకడకు సిద్ధపడే సంఘాన్ని పెండ్లికుమార్తెగా భావించడం ఈ మిషను బోధలో ప్రధానం. సిద్ధపాటుకు సాధనంగా అది నొక్కిచెప్పినది దైవసన్నిధిలో గడపడం. తప్పిదాలు ఒప్పుకొని, స్తుతించి, ప్రార్థించి, ఆపై మౌనంగా కనిపెట్టడం ఆ సాధనలోని క్రమం. పెండ్లికుమార్తె రూపకంలో భయానికి బదులు ప్రేమ ఉంది. పెండ్లి ఇంట జరిగే సిద్ధపాటు శిక్షకు జంకి చేసేది కాదు. బైబిలులోని ‘కనిపెట్టు’ అన్న క్రియ ఇక్కడ సామూహిక ఆరాధనలో ఒక నిర్దిష్టమైన పనికి పేరయింది. మాట అర్థం వాడుకలో ఆవిష్కరణ వైపు జరిగిపోతున్న కాలంలో, ఈ సంఘాలు దాని నిరీక్షణార్థాన్ని సజీవంగా నిలిపాయి.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. మొదటిది, సువార్తల కూర్పులోనే ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న ‘ఎట్లా ఉండాలి’ అన్న ప్రశ్నగా మారింది. రెండవది, 1844 నాటి ఆశాభంగం నిరీక్షణను ఓడించలేదు, గణనను మాత్రమే ఓడించింది. మూడవది, తెలుగు అనువాద భాష రాకడ, సిద్దె, సుంకరి, కనిపెట్టు వంటి దేశీయ పదాల ద్వారా ఈ సిద్ధపాటును వ్యవసాయానికీ, చేతిపనికీ, ఇంటి సంరక్షణకూ ముడివేసింది. అంత్యకాల నిరీక్షణ మనుషులను లోకవిముఖులను చేస్తుందన్న విమర్శకు చరిత్రలో ఆధారాలు లేకపోలేదు. కోయని పంటలే అందుకు సాక్ష్యం. కాలువ గట్టున కరవుకూలీలకు పని చూపిన నిరీక్షణ కూడా అదే చరిత్రలోనిది. ఈ రెండింటినీ వేరుచేసింది విశ్వాసపు తీవ్రత కాదు, దాని వినయం. తనకు తెలియని దినాన్ని తెలియనిదిగానే ఉంచి, ప్రార్థిస్తూ, అప్పగించిన ఇంటిని చూసుకోవడమే తెలుగులో కనిపెట్టుకొని ఉండటం.